అహజ్యా వయసు 22 ఏళ్లా, 42 ఏళ్లా?

బైబిల్లో యూదా దేశపు రాజు అహజ్యా వయసు రెండుచోట్ల రెండు రకాలుగా ఉంది: రాజయ్యేనాటికి 2 రాజులు 8:26లో 22 ఏళ్లు, 2 దినవృత్తాంతములు 22:2లో 42. ముందు, వెనక అధ్యాయాలు కూడా చదవండి. 2 దినవృత్తాంతములు 21:20 ప్రకారం తండ్రి యెహోరాము 32 ఏళ్లప్పుడు రాజై 8 ఏళ్లు ఏలాడు, అంటే 40కే పోయాడు. తండ్రికన్నా కొడుకు పెద్దవాడు కాలేడు కదా! ఇక పాత చేతిరాత ప్రతులు చూడండి: ప్రాచీన సిరియాక్ భాషా అనువాదంలో, కొన్ని గ్రీకు ప్రతుల్లో 22 అనే ఉంది. నకలు రాసేటప్పుడు అంకె మారిందనుకోవడమే సబబు. 42 అతని వయసు కాదు, వంశం మొదలైనప్పటి నుంచి లెక్కించిన ఏళ్లు అని సర్దిచెప్పేవారున్నారు గానీ, అది లాగి అతికించినట్టుంటుంది. అలాంటి జవాబు వీగిపోతే దానితోపాటు విశ్వాసమూ ఊగుతుంది. దైవప్రేరణ మూలరచనకే గానీ ప్రతి నకలుకూ కాదు.

అన్ని తేడాలూ నకలు తప్పులు కావు. యేసును అప్పగించిన శిష్యుడు ఇస్కరియోతు యూదా మరణం విషయంలో మత్తయి 27:5నూ అపొస్తలుల కార్యములు 1:18నూ కలిపి చదవాలి: ఉరి వేసుకున్నాడు, తర్వాత దేహం కిందపడి నడిమికి బద్దలైంది.