పాత కారు కొంటున్నారా? ఇన్సూరెన్స్ కాగితం అడగండి

నల్లగొండ, మిర్యాలగూడ వైపు పదిహేనేళ్లకు దగ్గరపడ్డ కారు చవగ్గా వస్తోందంటే ముందు ఆర్‌సీలో గడువు చూడండి. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే. తర్వాత ఆర్టీఏ ఆఫీసులో బండి చూపించి రెన్యువల్ చేయించాలి, అదీ 5 ఏళ్లకే. ఆ ఖర్చు, తిరుగుడు ఎవరివో బేరంలోనే తేల్చుకోండి.

అసలు గుట్టు పాత ఇన్సూరెన్స్ పాలసీలో ఉంటుంది. వరుసగా 5 ఏళ్లు క్లెయిమ్ లేకపోతే నో క్లెయిమ్ బోనస్, అంటే సొంత బండి డ్యామేజీ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 50 శాతం. సున్నా ఉందా? యాక్సిడెంటా, పాలసీ మధ్యలో ఆగిందా అని గట్టిగా అడగండి. ఉత్త థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికే వర్తించే) పాలసీ అయితే ఈ లెక్క దొరకదు.

ఓనర్‌ను వెంటబెట్టుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్లి పాత బిల్లుల్లో కిలోమీటర్లు చూడండి. మీటర్ వెనక్కి తిప్పి ఉంటే అక్కడే దొరికిపోతుంది. పెండింగ్ చలాన్లంటారా, చాయ్ తాగేలోపు ఫోన్లోనే చూసుకోవచ్చు.