ఓక్, మేపుల్ చెట్ల కింద అడవి పూలు: అమెరికా తూర్పు రాష్ట్రాల పెరళ్లకు

న్యూజెర్సీ, వర్జీనియా, ఒహాయో వైపు ఇంటి వెనక పెద్ద ఓక్, మేపుల్ చెట్లుంటే వాటి కింద గడ్డి సరిగా పట్టదు. ఏటా గడ్డి విత్తనం చల్లడం దండగ. ఆ చోటు అక్కడి అడవి మొక్కలది. చెట్లు చిగురించేలోపు నేలకు అందే ఎండతోనే అవి మార్చి చివర నుంచి మే దాకా పూసి, విత్తనం కడతాయి. బ్లూబెల్స్ లాంటివి జూన్, జులై కల్లా ఆకులతో సహా కనిపించకుండా పోతాయి. కింద వేరు బతికే ఉంటుంది. అది తెలియక, చచ్చిపోయిందనుకుని అక్కడే తవ్వి ఇంకోటి నాటేవాళ్లు చాలామంది.

అందుకే వేసవిలో మాయమయ్యేవాటి మధ్య, ఆకు నిలిచేవి ఉండాలి. పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు మడికి ఫోమ్‌ఫ్లవర్ 9, వుడ్‌ల్యాండ్ ఫ్లాక్స్ 6, క్రిస్మస్ ఫెర్న్ 3 సరిపోతాయి. వాటి సందుల్లో వర్జీనియా బ్లూబెల్స్ 8, బ్లడ్‌రూట్ 5, తెల్ల ట్రిలియం 3. బ్లూబెల్స్ మొగ్గ గులాబీ రంగు, విచ్చాక నీలం. వీటికి తేమ ఎక్కువ కావాలి కాబట్టి పల్లం వైపు పెట్టండి. బ్లడ్‌రూట్ చాలాచోట్ల ఉగాది రోజుల్లోనే పూస్తుంది, పువ్వు మాత్రం రెండు మూడు రోజులే. నార్వే మేపుల్ కింద ఇవేవీ బాగా రావు: దాని వేళ్లు పైపైనే అల్లుకుని నేలలో తడి మిగలనివ్వవు.

మట్టి లేని వేళ్లు, దుంపలు సెప్టెంబరు, అక్టోబరులో నాటాలి. కుండీ మొక్కలైతే ఏప్రిల్‌లోనూ నాటొచ్చు. మడి మొత్తం దున్నకండి, చెట్టు వేళ్లు తెగుతాయి. చేతి ట్రోవెల్‌తో ఒక్కో గుంట తీయండి, బొటనవేలంత వేరు తగిలితే పక్కకు జరగండి. బ్లడ్‌రూట్ దుంపను అడ్డంగా పడుకోబెట్టి పైన అంగుళం మట్టి వేయాలి. దాని ఎర్రటి రసం చర్మానికి మంచిది కాదు, గ్లవ్స్ వేసుకోండి. బ్లూబెల్స్ వేరు తల కూడా మట్టికి అంగుళం కిందే. ట్రిలియం మొగ్గ పైకి ఉండేలా మూడు అంగుళాల లోతున పెట్టండి. లోతు తక్కువైతే ఉడతలు పెకిలిస్తాయి. మొదటి చలికాలం మడిమీద ఇనుప జాలీ పరవండి.

ఎరువుల కంటే వీటికి కావలసింది రాలిన ఆకులు. నవంబరులో ఆకుల మీద లాన్ మోవర్ నడిపి, ముక్కలను రెండు అంగుళాల మందాన పరిస్తే చాలు. మేపుల్ ఆకుల్ని అలాగే పోస్తే తడిసి అట్టలా అతుక్కుంటాయి, మొలక పైకి రాలేదు. బెరడు మల్చ్ (నేలమీద పరిచే చెట్టు బెరడు ముక్కలు) మందంగా పోసినా అదే చిక్కు. మొదటి ఏడాది వారానికి అంగుళం నీరు అందాలి, ఆకు కనిపించని ఎండాకాలంలోనూ నేల బీటలు వారనివ్వకండి.

ట్రిలియానికి అసలు శత్రువు జింక. కాడకు ఉండేవి మూడే ఆకులు, అవి పోతే ఆ ఏటి తిండి పోయినట్టే. వరసగా కొన్నేళ్లు మేస్తే మొక్క చస్తుంది. మొలక కనిపించగానే జాలీ బోను పెట్టండి. పూజకని పువ్వును ఆకులతో తుంచినా ఫలితం అదే. విత్తనం నుంచి పువ్వు దాకా ఏడేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది గనుక, మరీ చవగ్గా దొరికే ట్రిలియం అడవిలోంచి తవ్వి తెచ్చినదే అయ్యుండొచ్చు. "నర్సరీలో పెరిగిందా" అని అడిగితే చాలదు, అడవి మొక్కను ఏడాది కుండీలో ఉంచినా అవునంటారు. విత్తనం నుంచో, విభజించో తామే తయారుచేశారా అని అడగండి.

తెలిసినవాళ్ల పెరట్లోంచి మొక్క తెచ్చుకుంటే వేళ్ల మట్టంతా కడిగేయండి. ఈ రాష్ట్రాల్లో పాకుతున్న జంపింగ్ వార్మ్ గుడ్లు ఆ మట్టితోనే వస్తాయి. ఆ వానపాములు ఆకుల పొరను తినేసి, పైమట్టిని కాఫీ పిప్పిలా చేస్తాయి.

మొక్కల సంఖ్య పెంచుకోవాలంటే బ్లడ్‌రూట్ కాయ పగిలేముందే విత్తనం తీసి, ఎండనివ్వకుండా అదే రోజు విత్తండి. ఆలస్యమైతే చీమలు పట్టుకుపోతాయి. ట్రిలియం విత్తనం మొదటి చలికాలం తర్వాత వేరు మాత్రమే వేస్తుంది, ఆకు రెండో చలికాలం దాటాకే. అందాకా అక్కడ గుర్తుగా పుల్ల పాతి, పార తగలనివ్వకండి.