టికెట్ మీది టైమ్‌తో జాగ్రత్త

శంషాబాద్‌లో తెల్లవారుజామున 4 గంటలకు ఎక్కితే దుబాయ్‌లో 6:30కి దిగుతారని టికెట్ మీద ఉంటుంది. చూసి రెండున్నర గంటల ప్రయాణమే అనుకుంటారు చాలామంది. కాదు, నాలుగు గంటలు. ఎక్కే టైమ్ మనది, దిగే టైమ్ అక్కడిది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, కాబట్టి పోయేటప్పుడు ఆ గంటన్నర కలపాలి, వచ్చేటప్పుడు తీసేయాలి. దూరం రెండు వైపులా సుమారు 2,500 కిలోమీటర్లే అయినా, పైన గాలులు పడమటి నుంచి తూర్పుకు వీస్తాయి కాబట్టి రావడానికి సాధారణంగా కాస్త తక్కువే పడుతుంది.

డల్లాస్, చికాగో అయితే ఇంకో మెలిక ఉంది. మార్చి నుంచి నవంబర్ దాకా అక్కడ గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. అప్పుడు తేడా పదిన్నర గంటలు, మిగతా రోజుల్లో పదకొండున్నర. బుర్ర బద్దలు కొట్టుకోవడం ఎందుకు, బుక్ చేసేటప్పుడు 'డ్యూరేషన్' అని చూపిస్తుంది, అది చూసుకోండి. మధ్యలో ఆగే టైమ్ కూడా అందులోనే ఉంటుంది.

అసలు టెన్షన్ తేదీతోనే. 15వ తేదీ రాత్రి 12:40 విమానం అంటే 14 రాత్రే ఎయిర్‌పోర్టులో ఉండాలి. విదేశీ ప్రయాణానికి మూడు గంటల ముందు చేరడం మంచిది. హన్మకొండ నుంచి కారులో మూడు, మూడున్నర గంటలు వేసుకోండి. అంటే 14న సాయంత్రం ఆరు లోపే బండి కదలాలి. మేడారం జాతర రోజులైతే ఇంకా ముందే. ఉప్పల్ దాకా పోకుండా ఘట్‌కేసర్ దగ్గరే ఔటర్ ఎక్కేయండి.