బ్యాక్‌డోర్ పడిన కంప్యూటర్‌ని ఫార్మాట్ చేయడం ఎలా? (డీ డ్రైవ్‌తో సహా)

పోయిన వేసవిలో చీమకుర్తి నుంచి ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ ఓనరు ఆఫీసు సీపీయూని కారు వెనక సీట్లో పెట్టుకుని మా షాపుకి వచ్చారు. రెండు నెలల్లో వేరే చోట మూడుసార్లు ఫార్మాట్ కొట్టించారట. "నాలుగు రోజులు బాగుంటుంది అబ్బాయ్. అయిదో రోజు మౌసు దానంతటదే కదులుతా ఉంటుంది, దెయ్యం పట్టినట్టు" అన్నారు.

"డీ డ్రైవ్ కూడా తుడిచారా బాబాయ్?" అని అడిగాను.

"డీలో మన డేటా ఉంది గదా, దాన్నెట్టా తుడుస్తారు?"

తప్పంతా అక్కడుంది. ఒంగోలు కర్నూలు రోడ్డులో పద్నాలుగేళ్ళుగా ఈ పనే చేస్తున్నాను. సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ కొట్టి "క్లీన్ అయిపోయింది సార్" అని డబ్బులు తీసుకునే పద్ధతి చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

ముందు ఆ దొంగ ఎలా వస్తాడో కాస్త చెప్పాలి. పాతకాలం వైరస్ ఇంట్లో జొరబడి సామాను పగలగొట్టే రకం, వచ్చిందని వెంటనే తెలిసేది. బ్యాక్‌డోర్ అలా కాదు. చడీచప్పుడు లేకుండా దొడ్డి వాకిలి గడియ తీసి పెట్టుకుని, బుద్ధి పుట్టినప్పుడల్లా వచ్చి పోతుంది. మా దగ్గరికి వచ్చే కేసుల్లో అది దూరేది ఎక్కువగా మూడు దారుల్లో: ఫ్రీగా దొరికిన ఫోటోషాప్ క్రాక్, ఈమెయిల్‌లో వచ్చిన "ఇన్‌వాయిస్", పది చోట్ల గుచ్చి తెచ్చిన పెన్‌డ్రైవ్. ఒక్కసారి డబుల్ క్లిక్ చేస్తే చాలు. స్టార్టప్‌లోనో, టాస్క్ షెడ్యూలర్‌లోనో, రిజిస్ట్రీలోనో తన పేరు రాసుకుంటుంది, ఇక సిస్టమ్ ఆన్ చేసినప్పుడల్లా అదీ నిద్ర లేస్తుంది.

"ఫైర్‌వాల్ ఆన్‌లోనే ఉంది కదా" అంటారు. ఫైర్‌వాల్ బయటి నుంచి తలుపు కొట్టేవాణ్ణి ఆపుతుంది. ఇది లోపలి నుంచే దొంగకి ఫోన్ చేస్తుంది, అదీ మామూలు వెబ్‌సైట్లు వాడే 443 పోర్టు మీద. ఎవరికీ అనుమానం రాదు. ఆ తర్వాత మీరు కొట్టే ప్రతి అక్షరం, తెరమీద కనిపించే బొమ్మ, బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు, అన్నీ పోతాయి. లాగిన్ కుకీలు, అంటే మీరు లాగిన్ అయి ఉన్నారని బ్రౌజర్ గుర్తు పెట్టుకునే చిన్న ఫైళ్ళు, అవి కూడా పోతాయి. అవి దొరికితే చాలాసార్లు ఓటీపీ అడగకుండానే మీ మెయిల్ తెరుచుకుంటుంది.

కావలసినవి

రెండు పెన్‌డ్రైవ్‌లు, కనీసం 8 జీబీవి. ఒకదానిలో లైనక్స్ మింట్ (విండోస్‌కి బదులు పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్), ఇంకోదానిలో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి దించిన విండోస్ ఇన్‌స్టాలర్. రెండూ వేరే మంచి కంప్యూటర్‌లో తయారు చేసుకోవాలి. డేటా తీయడానికి ఖాళీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఒకటి. అంతే.

నెట్ తీసేయండి

లాన్ వైరు పీకండి, వైఫై ఆపండి. ఆ సిస్టమ్‌లో ఇక ఏ పాస్‌వర్డూ కొట్టకండి. మార్చడానికైనా సరే, అందులో మాత్రం వద్దు. కొత్త పాస్‌వర్డ్ కూడా దొంగకే ముందు తెలుస్తుంది. ఫోన్‌లో మొబైల్ డేటా మీద మెయిల్ పాస్‌వర్డ్, ఆ తర్వాత బ్యాంకుది మార్చండి. మెయిల్ సెట్టింగుల్లో అన్ని డివైజ్‌ల నుంచీ లాగౌట్ చేయండి. అది చేయకపోతే పోయిన కుకీ ఇంకా పని చేస్తూ ఉండొచ్చు.

డబ్బు అప్పటికే పోయి ఉంటే ఫార్మాట్ జోలికి వెళ్ళొద్దు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకి చెప్పండి. పాత డిస్క్ విప్పి కవర్లో పెట్టి దాచండి, పోలీసులు అడుగుతారు. కొత్త ఎస్ఎస్‌డీ వేసుకుని పని నడుపుకోండి.

డేటా బయటికి తీయడం

అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి తాపీగా చదవండి.

సోకిన విండోస్‌ని ఆన్ చేసి, అందులోంచే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవడం మనోళ్ళ అలవాటు. విండోస్ లేచిందంటే దొంగ కూడా లేచినట్టే. గుచ్చిన పెన్‌డ్రైవ్‌లోకి తనూ ఎక్కి కూర్చుంటాడు. అందుకే విండోస్‌ని లేపకుండా డేటా తీయాలి. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొట్టండి, అప్పుడే పూర్తిగా ఆగుతుంది. లైనక్స్ పెన్‌డ్రైవ్ గుచ్చి ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కండి. కొన్ని కంపెనీల వాటిలో ఎఫ్9, లేదా ఎస్కేప్. మెనూలో పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, ఊరికే నడిపితే చాలు. విండోస్ కోసం రాసిన ఆ దొంగ ప్రోగ్రాం ఇక్కడ మామూలు ఫైలులా పడి ఉంటుంది, లేవదు.

కొత్త ల్యాప్‌టాప్‌లలో డ్రైవ్‌కి బిట్‌లాకర్ అనే విండోస్ తాళం ఉండొచ్చు. అప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్లో ఫోన్ నుంచి చూస్తే చాలావరకు దొరుకుతుంది. ఆ కీ చేతికి రాకముందే డిస్క్‌ని కెలకొద్దు.

ఇక ఏది తీయాలి, ఏది వదలాలి? ఫోటోలు, వీడియోలు, పీడీఎఫ్‌లు, మామూలు వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళు తీసుకోండి. ట్యాలీ వాడేవాళ్ళు డేటా ఫోల్డర్‌లో కంపెనీ నంబర్లతో ఉన్న ఫోల్డర్‌లు మాత్రమే తీసుకోండి, ట్యాలీ ప్రోగ్రాం మళ్ళీ దించుకోవచ్చు. ఈఎక్స్ఈ, ఎంఎస్ఐ, బ్యాచ్ ఫైళ్ళు, షార్ట్‌కట్‌లు, ఏముందో గుర్తులేని జిప్‌లు ఏవీ రావడానికి వీల్లేదు. మాక్రోలు (ఫైలు లోపలే నడిచే చిన్న ప్రోగ్రాంలు) ఉన్న ఎక్సెల్ కూడా వద్దు. "సాఫ్ట్‌వేర్స్" అని ప్రతి డీ డ్రైవ్‌లోనూ ఒక ఫోల్డర్ ఉంటుంది చూశారూ, క్రాకులూ సెటప్‌లూ పదేళ్ళుగా పోగేసింది, దాని వైపు కన్నెత్తి చూడొద్దు. బాబాయ్ సిస్టమ్‌లో జరిగిందదే. సీ ఫార్మాట్ చేసి, డీలోంచి అదే క్రాక్ మళ్ళీ ఎక్కించి ఇచ్చారు. మూడుసార్లూ.

ఫోల్డర్‌ని ఫోల్డర్‌లా ఎత్తి కాపీ చేయొద్దు. ముందు లిస్ట్ వ్యూలో పెట్టి టైప్ కాలమ్ మీద నొక్కండి, ఒకే రకం ఫైళ్ళన్నీ ఒక దగ్గరికి చేరతాయి. బాబాయ్ వాళ్ళ ఎక్స్‌పోర్ట్ ఫోల్డర్‌లో అలా నొక్కితే అరవై పీడీఎఫ్‌ల కింద ఒకటి విడిగా తేలింది. బ్లాక్ మెజర్‌మెంట్ లిస్ట్ అని పేరు, చివర పీడీఎఫ్, దాని చివర ఈఎక్స్ఈ. విండోస్ మామూలుగా చివరి ముక్క చూపించదు కాబట్టి గుమాస్తాకి పీడీఎఫ్ గుర్తు ఒక్కటే కనిపించింది. విదేశీ పార్టీ పంపిన కొలతలే అనుకున్నాడు పాపం. లైనక్స్‌లో పేరు మొత్తం కనిపిస్తుంది. ఈ పనికి నేను ఇంకో పద్ధతి ఒప్పుకోకపోవడానికి సగం కారణం ఇదే.

కాపీ అయ్యాక హార్డ్‌డిస్క్‌లోంచి పది ఫైళ్ళు అక్కడక్కడా తెరిచి చూడండి. పెళ్ళి ఫోటోలు, పట్టాదారు పాసుపుస్తకం స్కాన్, పిల్లల సర్టిఫికెట్లు ఉన్నాయో లేదో ఇంట్లోవాళ్ళని పక్కన కూర్చోబెట్టి అడగండి. ఫార్మాట్ కొట్టాక "అయ్యో, డెస్క్‌టాప్ మీద ఉన్నాయే" అంటే నేనేం చేసేది? డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ కూడా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి.

ఇంత తతంగం ఎందుకు, యాంటీవైరస్ స్కాన్ కొడితే పోదా అంటారు. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ మంచిదే, పదిహేను నిమిషాల్లో అవుతుంది. జబ్బు ఉందో లేదో చూసుకోడానికి పనికొస్తుంది. పోయిందని నమ్మడానికి మాత్రం కాదు. ఒక దొంగని పట్టిస్తుంది, వాడు తీసిపెట్టిన ఇంకో రెండు గడియల సంగతి చెప్పదు. ఇక క్లీనర్ సాఫ్ట్‌వేర్‌లంటారా, 2017లో సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకే దుండగులు బ్యాక్‌డోర్ ఎక్కించారు. కంపెనీ సొంత సైట్ నుంచి దించుకున్న వాళ్ళకే అది అంటింది. అప్పటి నుంచి మా షాపులో క్లీనర్‌ల మాట ఎత్తనివ్వను.

ఫార్మాట్

ఎక్స్‌టర్నల్ డిస్క్ పీకేసి పక్కన పెట్టండి. విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, పార్టిషన్‌ల (డిస్క్‌ని విడగొట్టిన భాగాల) పేజీ వచ్చాక సిస్టమ్ డిస్క్‌లో ఉన్నవన్నీ డిలీట్ చేయండి. సీ, డీ, ఈ, అన్నీ. ఖాళీ స్థలం ఒక్కటే మిగలాలి. దాని మీద ఇన్‌స్టాల్ కొట్టి టీ తాగి రండి.

విండోస్‌తో కొన్న ల్యాప్‌టాప్ అయితే కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది, నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. ఆ సంగతి తెలియక యాక్టివేటర్ అని ఒకటి తెచ్చి వేస్తారు. అది నడపడానికి ముందు డిఫెండర్ ఆపమంటుంది. కాపలా కుక్కని కట్టేయమని అడిగేవాడు చుట్టం కాదు. ఇంకోటి, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగింది. ఎలాగూ తుడుస్తున్నారు, సిస్టమ్ తట్టుకుంటే 11 వేయండి.

తిరిగి ఎక్కించడం

అప్‌డేట్‌లన్నీ పూర్తి కావాలి, ఆటోప్లే ఆపాలి, ఫైల్ పేర్ల చివరి ముక్క కనిపించేలా వ్యూలో పెట్టాలి. అప్పుడు ఎక్స్‌టర్నల్ డిస్క్ గుచ్చి, ఏదీ తెరవకముందే డిఫెండర్‌తో దాన్ని స్కాన్ చేయండి. పాత పెన్‌డ్రైవ్‌లని లైనక్స్‌లో చూసి ఫార్మాట్ కొట్టాకే మళ్ళీ వాడండి. ఒక్క పెన్‌డ్రైవ్ మర్చిపోతే ఈ పనంతా మళ్ళీ మొదటికి వస్తుంది.

ఆఖరున మెయిల్ సెట్టింగుల్లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు చూడండి. దీన్ని ఎవరూ చూడరు. బాబాయ్ మెయిల్‌లో "పేమెంట్" అనే మాట ఉన్న ప్రతి ఉత్తరం మాకెవరికీ తెలియని ఒక అడ్రసుకి కాపీ పోయేలా ఫిల్టర్ ఉంది. పార్టీ డబ్బు పంపే ముందు రోజు బ్యాంకు అకౌంట్ నంబర్ మార్చి ఇంకో మెయిల్ పంపడానికే అది. కంప్యూటర్ ఎంత తుడిచినా ఆ ఫిల్టర్ అలాగే ఉండేది.

కంప్యూటర్‌లో సంతకం పెట్టడానికి వాడే పెన్‌డ్రైవ్ లాంటి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ కూడా ఏడాది పొడుగునా సీపీయూకి గుచ్చే ఉందట, ఆడిటర్ ఎప్పుడు అడుగుతారో అని. దాని పిన్ ఎప్పుడో కీలాగర్‌కి, అంటే కొట్టే అక్షరాలన్నీ రాసుకునే దొంగ ప్రోగ్రాంకి, చేరి ఉంటుంది, టోకెన్ గుచ్చి ఉంటే దొంగ కూడా సంతకం పెట్టగలడు. పిన్ మార్పించి, పీకి చేతికిచ్చాను. మొన్న వాళ్ళ ఆఫీసుకి వెళ్తే గోడ మేకుకి వేలాడుతోంది, పక్కన ట్రాక్టర్ తాళం.