కొత్త సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్: ముందు ఏం చూడాలి, తర్వాత ఏం మార్చాలి

కొత్త సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ (ఒక తూటా పేలగానే తర్వాతి తూటాను తానే ఎక్కించుకునే, గుళ్లు చిమ్మే తుపాకీ) చేతికి రాగానే దానికి ఏమేం బిగించాలా అన్న ఆలోచన మొదలవుతుంది. మొదటి రెండు మూడు వందల తూటాలు కాల్చేవరకు ఆ ఆలోచనను పక్కన పెట్టడమే మేలని నేను గట్టిగా నమ్ముతాను. గురి తప్పినా, తూటా ఇరుక్కున్నా, తప్పు యంత్రానిదో, నూనెదో, తూటాదో, భుజానికి ఆనించుకున్న తీరుదో అంతకుముందు తేల్చుకోలేము.

పెట్టె తెరిచాక మొదటి పని శుభ్రం చేయడం. చాంబరు (తూటా పేలే గది), మ్యాగజీన్ ట్యూబు (తూటాలు నిల్వ ఉండే గొట్టం) ఖాళీగా ఉన్నాయని కంటితో చూసి, వేలితో తడిమి, ఆ తర్వాతే బ్యారెల్ విడదీయాలి. కర్మాగారంలో పూసే చిక్కటి నూనె తుప్పు పట్టకుండా నిల్వ ఉంచడానికే. దాన్ని పూర్తిగా తుడిచి, బోల్టు (తూటాను లోపలికి నెట్టి చాంబరును మూసే భాగం) జారే చోట్ల పలుచగా కొత్త నూనె రాయాలి. నేను ఈ పని సరిగా చేయకపోవడం వల్ల మొదటి రోజు 24 గ్రాముల తూటాలతో (ఇది లోపలి చిన్న గుళ్ల మొత్తం బరువు) నా తుపాకీ పదే పదే ఆగిపోయింది. విప్పి చూస్తే గ్యాస్ పిస్టన్ చుట్టూ ఆ నూనె జిగురులా పేరుకొని ఉంది. దాన్ని తుడిచి, 32 గ్రాముల తూటాలు రెండు పెట్టెలు కాల్చాక తేలికపాటి తూటాలూ సాఫీగా ఆడాయి.

మీది ఏ పద్ధతిలో పనిచేస్తుందో తెలుసుకోవడం అవసరం. గ్యాస్ పద్ధతిలో తూటా పేలినప్పుడు పుట్టే వాయువులో కొంత భాగం పిస్టన్‌ను నెడుతుంది. భుజానికి తగిలే తన్ను కాస్త మెత్తగా అనిపిస్తుంది గానీ మసి త్వరగా పడుతుంది. ఇనర్షియా పద్ధతిలో తుపాకీ మొత్తం వెనక్కి కదలడమే బోల్టును నడిపిస్తుంది కాబట్టి, దానికి దీపాలు, తూటాల పట్టీలు వంటి బరువులు తగిలిస్తే తేలికపాటి తూటాలతో మొరాయించవచ్చు. తూటా బలంతో ఇలాంటి ఇబ్బంది పాతదే: తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్‌కు 1900లో పేటెంటు దక్కిన, తర్వాత ఆటో-5గా పేరుపొందిన తుపాకీలో తూటా బలాన్ని బట్టి ఫ్రిక్షన్ రింగును (వెనక్కి వచ్చే బ్యారెల్‌ను రాపిడితో నెమ్మదింపజేసే ఉంగరాన్ని) చేత్తో మార్చుకోవలసి వచ్చేది.

నా దృష్టిలో అన్నిటికంటే విలువైన మార్పు తుపాకీ మడమను (భుజానికి, చెంపకు ఆనించే వెనుక భాగాన్ని) మీ ఒంటికి సరిపెట్టడం. ఖాళీ తుపాకీని కళ్లు మూసుకొని భుజానికెత్తి, చెంప ఆనించి, అప్పుడు కళ్లు తెరవండి. బ్యారెల్ కొసనున్న గురి పూస కంటికి సూటిగా, రిబ్ (బ్యారెల్ పైన పొడవునా ఉండే పట్టీ) మీద కాస్త పైగా కనబడితే సరిపోయినట్టే. రిసీవర్ (బోల్టు, ట్రిగ్గర్ ఉండే నడిమి పెట్టె) వెనుక భాగం తప్ప మరేమీ కనబడకపోతే చెంప ఆనే చోటు మీకు పల్లంగా ఉందన్నమాట. రిబ్ పొడవునా వాలుగా కనబడితే ఎత్తుగా ఉందన్నమాట. చాలా తుపాకులతో పాటు షిమ్‌లనే పలుచని బిళ్లలు వస్తాయి, వాటిని మడమకూ రిసీవర్‌కూ మధ్య మార్చి చూడాలి. ఆపై సురక్షితమైన రేంజిలో సుమారు 15 మీటర్ల దూరాన పెద్ద కాగితం పెట్టి, ఒకే గుర్తుకు నాలుగైదు తూటాలు కాల్చి, గుళ్ల గుంపు నడిమి భాగం ఎటు జరిగిందో కొలవండి. కంటి దగ్గర 1.5 మిల్లీమీటర్ల మార్పు ఆ దూరంలో దాదాపు 2.5 సెంటీమీటర్ల తేడా తెస్తుంది.

తర్వాతి వంతు చోక్ ట్యూబులది, అంటే గుళ్లు ఎంత వెడల్పుగా విస్తరించాలో నిర్ణయించేలా బ్యారెల్ కొసన బిగించే గొట్టాలది. 40 గజాల దగ్గర 30 అంగుళాల వృత్తంలో పడే గుళ్ల శాతం, వదులు చోక్ నుంచి బిగుతు చోక్ వరకు, ఇంప్రూవ్డ్ సిలిండర్‌కు 50, మాడిఫైడ్‌కు 60, ఫుల్‌కు 70 అని వాడుకలో ఉన్న లెక్క. అయితే తూటా మారితే ఇది మారుతుంది కనుక, ఖరీదైన ట్యూబు కొనే ముందు తుపాకీతో వచ్చినవాటిని మీరు వాడే తూటాతోనే కాగితంపై పరీక్షించండి. స్టీలు గుళ్లకు ఫుల్ చోక్, దాని తయారీదారు అనుమతిస్తే తప్ప, వాడకూడదు. ట్యూబు బిగించకుండా ఎన్నడూ కాల్చకండి, బ్యారెల్ మరలు పాడవుతాయి.

భుజం నొప్పి పుడుతుంటే మెత్తటి రికాయిల్ ప్యాడ్ మంచి పెట్టుబడి, కానీ మందమైన ప్యాడ్ మడమ పొడవును పెంచుతుంది కాబట్టి మళ్లీ కొలుచుకోవాలి. చేతి తొడుగులు వేసుకొని కాల్చేవారికి పెద్ద బోల్టు పిడి ఉపయోగపడుతుంది. మెరిసే ఫైబర్ పూస మాత్రం క్లే టార్గెట్ (గాల్లోకి విసిరే మట్టి బిళ్ల) మీద ఉండవలసిన చూపును తనవైపు లాగుతుంది, అందుకే నేను తీసేశాను. ట్రిగ్గర్ బరువు (దాన్ని లాగడానికి కావలసిన బలం) తగ్గించే పని మీరే చేయకుండా, అర్హత గల గన్‌స్మిత్‌కు (తుపాకులు బాగుచేసే నిపుణుడికి) అప్పగించండి. ఆయన తిరిగి ఇచ్చాక సేఫ్టీ పనితీరును ఖాళీ తుపాకీతో ఆయన ఎదుటే పరీక్షించుకోండి.