ఇంటర్ మెమో అందరిలా లేదా? నీట్, ఎంబీబీఎస్ దరఖాస్తుల్లో ఇలా రాయండి

సప్లీలో పాసైనవాళ్లు, ఎంపీసీ చదివి తర్వాత బయాలజీ రాసినవాళ్లు, ఓపెన్ స్కూల్ వాళ్లు, 2021 కోవిడ్ బ్యాచ్ వాళ్లు, నీట్ ఫారం తెరవగానే అందరికీ ఒకటే టెన్షన్, మన మార్కులు ఈ గడుల్లో ఎలా సరిపెట్టాలని. సరిపెట్టొద్దు. మెమోలో ఏముంటే అదే రాయండి, అది ఎందుకలా ఉందో చూపే కాగితం దగ్గర పెట్టుకోండి. ఫారం నింపే పని నెట్ సెంటర్ అబ్బాయికి వదిలేయకండి, పక్కనే కూర్చుని ప్రతి గడీ మీరే చదవండి.

ఎక్కువమంది తడబడేది పర్సెంటేజీ దగ్గర. ఎంబీబీఎస్ అర్హతకు చూసేది 1000కి వచ్చిన మొత్తం కాదు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి వచ్చిన శాతం. బోటనీ, జువాలజీ వేరువేరుగా ఉన్న బైపీసీ మెమోలో ప్రాక్టికల్స్‌తో కలిపి ఒక్కో సబ్జెక్టుకు 150, నాలుగూ కలిపి 600. ఫిజిక్స్ 78, కెమిస్ట్రీ 84, బోటనీ 95, జువాలజీ 99 వస్తే 356, అంటే 59.33 శాతం. ఓసీలకు 50, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 40, ఓసీ దివ్యాంగులకు 45 శాతం ఉండాలి, ఇంగ్లీషు కూడా పాసై ఉండాలి. 49.8ని 50 చేసి రాయకండి, సర్టిఫికెట్ల పరిశీలనలో ఒరిజినల్ మెమో చూస్తారు.

2021లో ఆంధ్రప్రదేశ్‌లో సెకండియర్ పరీక్షలు జరగలేదు, పదో తరగతి మార్కులకు 30 శాతం, ఫస్టియర్‌కు 70 శాతం వెయిటేజీ ఇచ్చి మార్కులు వేశారు. అవి బోర్డు ఇచ్చిన మార్కులే, మీరు కొత్తగా లెక్క కట్టక్కర్లేదు. ఆ బ్యాచ్‌లో డిగ్రీ అయ్యాక మళ్లీ నీట్ రాద్దామనుకునేవాళ్లు ఉంటే నిశ్చింతగా రాయండి, గరిష్ఠ వయోపరిమితిని 2022లోనే తీసేశారు. అప్పటి పదో తరగతి మెమోలో జీపీఏ ఉంటే జీపీఏగానే చూపించండి, పదితో గుణించి సొంత శాతం పుట్టించకండి.

ఎంపీసీ తర్వాత బయాలజీ అదనపు సబ్జెక్టుగా పాసైనవాళ్లూ అర్హులేనని ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) 2023 నవంబర్ 22న నోటీసు ఇచ్చింది. ఇలాంటివాళ్లు రెండు మెమోలూ చూపించాలి, అన్నీ ఒకేసారి రాసినట్టు కలిపేయకూడదు. సప్లీ అయినా, ఇంప్రూవ్‌మెంట్ అయినా, రీవెరిఫికేషన్‌లో మార్కులు పెరిగినా బోర్డు చివరగా ఇచ్చిన మెమోలోని అంకెలే రాయండి, పాత మెమో మాత్రం పారేయకండి. ఇంకా సెకండియర్ రాస్తున్నవాళ్లయితే నీట్ ఫారంలో అర్హత కోడ్‌గా 01 పెట్టండి, మార్కుల జోలికి పోవద్దు.

మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల పిల్లలకు అసలు చిక్కు లోకల్ ఏరియా, అంటే సీట్ల కేటాయింపులో మీరు ఏ యూనివర్సిటీ పరిధి వాళ్లన్నది. ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ పరిధి, నెల్లూరు శ్రీవెంకటేశ్వర యూనివర్సిటీ పరిధి. ఇంటర్ రెండో ఏడాదితో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి, ఎక్కడ చదివారన్నదే ముందు చూస్తారు. ఇల్లు కావలిలో ఉన్నా ఆ నాలుగేళ్లూ ఒంగోలు హాస్టల్లో ఉండి చదివితే ఏయూ లోకల్ అవుతారు, ఆధార్‌లో కావలి ఉందని ఎస్వీయూ లోకల్ అని పెడితే సీటు దగ్గరే ఇబ్బంది వస్తుంది. ఇంటర్‌కు చెన్నై వెళ్తే ఆ వరుస తెగుతుంది, అప్పుడు రాష్ట్రంలో ఎంబీబీఎస్ ప్రవేశాలు చూసే ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ ఆ ఏడాది ఇచ్చే నోటిఫికేషన్‌లో లోకల్ నిబంధన మొత్తం చదివాకే ఆ గడి నింపండి.

అందుకే ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చుకోండి. చదివిన స్కూలు మూతపడి ఉంటే రికార్డులు ఎక్కడికి వెళ్లాయో ఎంఈవో ఆఫీసులో అడగండి. ఓపెన్ స్కూల్లో, ప్రైవేటుగా చదివిన ఏళ్లకు తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం కావాలి, దానికి సచివాలయంలో కౌన్సెలింగ్ మొదలవకముందే దరఖాస్తు పెట్టండి. పేరు, ఇంటిపేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే అన్నిచోట్లా ఉన్నాయో లేదో చూసుకోండి, తేడా ఉంటే నీట్ ఫారం పంపకముందే సరిచేసుకోండి, కరెక్షన్ విండోలో అన్ని గడులూ మార్చుకోవచ్చని అనుకోవద్దు.