ఫౌండేషన్ ముఖం మీద తేడా కొడుతోందా? సమస్య, కారణం, పరిష్కారం

లిక్విడ్ ఫౌండేషన్ కుదరకపోతే చాలామంది ముందు బ్రాండ్ మారుస్తారు, తర్వాత బ్రష్ మారుస్తారు, చివరికి "నా ముఖానికి మేకప్ పడదులే" అనుకుని సీసాను బీరువాలో పడేస్తారు. పెళ్లిళ్లకు మేకప్ చేస్తూ నేను చూసినంతలో తప్పు ముఖానిది కాదు, చాలాసార్లు బ్రాండ్‌దీ కాదు. సొంత రంగు కంటే ఒకటి రెండు మెట్లు తెల్లగా ఉండే షేడ్ కొనడం దగ్గరే వ్యవహారం చెడుతోంది. మీ సమస్య ఏదో ఆ భాగం చదువుకుంటే సరిపోతుంది గానీ, మొదటి రెండూ మాత్రం అందరూ చదవండి. మిగతావాటిలో చాలా వరకు అక్కడే తేలిపోతాయి.

ముఖం బూడిద రంగులోకి వెళ్లిపోతోంది

కారణం: షేడ్ మరీ లేతగా ఉండడం, లేదా అండర్‌టోన్ (చర్మం లోపలి నుంచి కనిపించే పసుపు, గులాబీ లాంటి ఛాయ) తప్పడం. తరచుగా రెండూ కలిసే ఉంటాయి. లేత షేడ్లలో తెలుపు కోసం టైటానియం డయాక్సైడ్ ఎక్కువ కలుపుతారు. చామనఛాయ చర్మం మీద ఆ తెల్లటి పొర పరుచుకుంటే అడుగున గోధుమ రంగు, పైన తెలుపు కలిసి బూడిదగా కనిపిస్తుంది. మనలో ఎక్కువమంది చర్మంలో పసుపు లేదా బంగారు ఛాయ ఉంటుంది, కొందరికి కాస్త ఆకుపచ్చ కలిసిన ఆలివ్ ఛాయ ఉంటుంది. అలాంటి చర్మం మీద గులాబీ వైపు మొగ్గే షేడ్ పడితే ముఖం పాలిపోతుంది. సరిచేద్దామని పైన తెల్ల పౌడర్ అద్దితే ఇంకా పాడవుతుంది.

పరిష్కారం: షేడ్‌ను మణికట్టు మీదో చేతి వెనకో చూడకండి, ఆ రంగుకీ ముఖానికీ సంబంధం ఉండదు. మీకు దగ్గరగా అనిపించే మూడు షేడ్లు తీసుకుని దవడ అంచు నుంచి మెడ మీదికి మూడు సన్నటి గీతలు పక్కపక్కన గీయండి. కొంచెం వేలితో అద్ది వదిలేయండి. షాపులో లైట్లు పసుపుగానో మరీ తెల్లగానో ఉంటాయి కాబట్టి బయటికి వచ్చి, ఎండ నేరుగా పడని పగటి వెలుతురులో అద్దం చూసుకోండి. ఒక పావుగంట ఆగాక మళ్లీ చూడండి. ఏ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కనిపెట్టలేకపోతున్నారో అదే మీ షేడ్. "ఒక షేడ్ పైకి తీసుకోండి మేడమ్, ఫొటోల్లో బాగా వస్తుంది" అని కౌంటర్ దగ్గర చెప్తారు, ఆ మాట అస్సలు వినకండి. ఫొటోలో మొదట బయటపడేదే ఆ తేడా.

అండర్‌టోన్ కోసం మణికట్టు మీద నరాలు ఆకుపచ్చగా ఉన్నాయా నీలంగా ఉన్నాయా చూడమని అందరూ చెప్తారు. రంగు కాస్త ముదురుగా ఉన్నవాళ్లకు ఆ పరీక్ష తేలదు, నరాలు సరిగ్గా కనిపిస్తే కదా! దానికంటే మెడ పక్కన తెల్ల కాగితం పెట్టి పగటి వెలుతురులో చూడండి, చర్మం పసుపు వైపు వెళ్తోందా, ఎరుపు వైపా, ఆకుపచ్చ వైపా అన్నది బాగా తెలుస్తుంది. ఎటూ వెళ్లకపోతే న్యూట్రల్ అనుకోవచ్చు.

స్నేహితురాలి షేడ్ నంబరు అడిగి వేరే బ్రాండ్‌లో అదే నంబరు ఆర్డర్ పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. ఒక బ్రాండ్ నంబరు ఇంకో బ్రాండ్‌లో పనికిరాదు. మేబెలిన్ ఫిట్ మీలో 1తో మొదలయ్యే నంబర్లు లేతవి, 2తో మొదలయ్యేవి మధ్యస్థం, 3తో మొదలయ్యేవి ముదురు. మ్యాక్‌లో ఎన్‌సీ, ఎన్‌డబ్ల్యూ అని ఉంటాయి. అక్కడ చాలామంది తడబడతారు, ఎందుకంటే పసుపు, బంగారు ఛాయ ఉన్నవాళ్లు చూడాల్సింది ఎన్‌సీ, గులాబీ ఛాయ ఉన్నవాళ్లు చూడాల్సింది ఎన్‌డబ్ల్యూ. డబ్ల్యూ అంటే వార్మ్ కదా అని తీసుకుంటే సరిగ్గా తిరగబడుతుంది.

2017లో రిహానా ఫెంటీ బ్యూటీ ఒకేసారి 40 షేడ్లతో వచ్చాక మిగతా కంపెనీలు కూడా ముదురు షేడ్లు పెంచాయి. అయినా చిన్న ఊళ్లలో ఫ్యాన్సీ షాపులకు వెళ్తే అరలో లేత షేడ్లే ఎక్కువ కనిపిస్తాయి. అక్కడ ఉన్నదాంట్లో సర్దుకోవద్దు, ఇంకో చోట వెతకండి.

ఇప్పటికే లేత షేడ్ కొనేశారా? పారేయక్కర్లేదు. అదే రకంలో రెండు మెట్లు ముదురు సీసా ఇంకొకటి తెచ్చి, చేతి వెనక రెండూ కలుపుకుని వాడండి. గులాబీగా ఉంటే పసుపు మిక్సర్ (ఫౌండేషన్ రంగు మార్చడానికి కలిపే రంగు ద్రవం), మరీ నారింజగా ఉంటే నీలం మిక్సర్ అగ్గిపుల్ల తలంత కలిపితే చాలు. నీలం కాస్త ఎక్కువైనా మళ్లీ బూడిదే.

ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు

కారణం: బుగ్గ రంగుకు షేడ్ ఎంచుకోవడం. మన ముఖం అంతా ఒకే రంగులో ఉండదు. నుదురు, నోటి చుట్టూ ముదురు, బుగ్గలు లేత, మెడ ఇంకోలా. బుగ్గకు సరిపోయిన సీసా ముఖమంతా రాస్తే మాస్క్ తగిలించుకున్నట్టు ఉంటుంది.

పరిష్కారం: మెడ, కాలర్ ఎముక దగ్గర రంగుకు షేడ్ కుదుర్చుకోండి. మెడ మరీ నల్లబడి ఉన్నవాళ్లు కాలర్ ఎముక కింది రంగునే లెక్కలోకి తీసుకోండి. మెడ మీద విడిగా పంపు కొట్టి పట్టించొద్దు, పట్టు జాకెట్టు అంచుకీ హారానికీ అంటుకుంటుంది. ముఖం అయ్యాక స్పాంజ్‌లో మిగిలిన దాన్నే దవడ కిందికి దింపితే చాలు. చెవులు మరిచిపోకండి. జడ వేసి పూలు పెట్టాక పక్కనుంచి తీసే ప్రతి ఫొటోలో చెవి కనిపిస్తుంది.

పెళ్లికూతుళ్లకు ఒక ముఖ్యమైన మాట. పెళ్లికూతుర్ని చేసే రోజు పసుపు రాసి, నలుగు పెట్టి, మంగళస్నానం చేయిస్తారు కదా, ఆ పసుపు ఛాయ కడిగినా వెంటనే పోదు, వెంట్రుకల మొదళ్లలో, దవడ కింద ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. ఆ రోజు షేడ్ చూసుకుంటే లేనిపోని పసుపు షేడ్ ఎంచుకుంటారు. షేడ్ ట్రయల్ పసుపు రాయకముందే అయిపోవాలి. పెళ్లి రోజు మేకప్‌కి ముందు ముఖాన్ని, మెడను నూనె లేదా క్లెన్సింగ్ బామ్‌తో తుడిచి, ఆ తర్వాత ఫేస్‌వాష్‌తో కడగండి.

కళ్ల కింద, నోటి చుట్టూ మచ్చలా తేలుతోంది

నలుపు మీద లేత కన్సీలర్ (మచ్చలు కప్పే చిక్కటి క్రీమ్) వేస్తే ఇదే జరుగుతుంది. ముందు ఆ నలుపును కొట్టేయాలి. చామనఛాయకు పీచ్, ముదురు రంగుకు నారింజ కరెక్టర్ పల్చగా, ముదురు ఉన్నచోట మాత్రమే ఉంగరపు వేలితో అద్దండి. దాని మీద ఫౌండేషన్‌ను రుద్దకుండా అద్దాలి, రుద్దితే కింద వేసిన కరెక్టర్ కదిలిపోతుంది.

వేసినప్పుడు బాగుంది, అరగంటకి నల్లబడింది

దీన్ని ఆక్సిడైజ్ అయ్యింది అంటారు. ఫౌండేషన్‌లో త్వరగా ఆవిరయ్యే ద్రవాలు ఉంటాయి, అవి ఆరిపోయాక రంగు చిక్కబడుతుంది, పైగా చర్మం మీద ఊరే జిడ్డు ఆ రంగు పొడిలోకి చేరి ఇంకా ముదురుగా చూపిస్తుంది. అందుకే జిడ్డు చర్మం వాళ్లకు ఈ బాధ ఎక్కువ.

పావుగంట ఆగి చూడమన్నది ఇందుకే. సీసాలోని రంగు చూసి కాదు, ఆరాక చర్మం మీద కనిపించే రంగు చూసి కొనండి. ఉన్న సీసానే వాడాలంటే అదే రకంలో ఒక మెట్టు లేతది కొంచెం కలపండి, వేసే ముందు టిష్యూతో జిడ్డు అద్దేయండి, మాయిశ్చరైజర్ తేలికపాటి జెల్ రకానికి మార్చండి. కొత్తలో బాగానే ఉండి ఇప్పుడు రంగు మారుతోందంటే, వాసన కూడా తేడాగా ఉంటే, సీసా పాతబడిందని అర్థం. వెనక మూత తెరిచిన డబ్బా బొమ్మలో 12ఎం అని ఉంటే తెరిచాక 12 నెలలని. మన ఎండల్లో కిటికీ పక్కన పెడితే అంతకుముందే పాడవుతుంది.

రాస్తుంటే ఉండలు ఉండలుగా రాలుతోంది

కారణం: కింద వేసినవి ఆరకముందే పైన వేయడం, లేదా కింద సిలికోన్, పైన నీటి ఆధారంగా చేసిన ఫౌండేషన్ ఉండడం. రెండూ ఒకదానికొకటి పట్టవు. ప్రైమర్ (ఫౌండేషన్ కింద వేసే పొర), ఫౌండేషన్ రెండింటి వెనకా పదార్థాల జాబితాలో మొదటి నాలుగైదు పేర్లు చూడండి. డైమెథికోన్, సైక్లోపెంటాసిలోక్సేన్ లాంటివి ముందు వరుసలో ఉంటే అది సిలికోన్ రకం. రెండూ ఒకే రకం ఉండేలా చూసుకోండి. మాయిశ్చరైజర్ తర్వాత, సన్‌స్క్రీన్ తర్వాత విడివిడిగా ఐదు పది నిమిషాలు ఆగండి. అలాగని ఫౌండేషన్‌లో ఎస్‌పీఎఫ్ ఉంది కదా అని సన్‌స్క్రీన్ మానొద్దు, అంత పల్చటి పొర ఎండను ఆపడానికి సరిపోదు.

పెచ్చులు, చారలు, నవ్వు గీతల్లో చేరడం

చాలావరకు ఎక్కువ వేయడమే కారణం. ముఖమంతటికీ ఒక పంపు, మహా అయితే రెండు. ముక్కు పక్కన, బుగ్గల మధ్య మొదలుపెట్టి బయటికి తీసుకెళ్లండి. దవడ, జుట్టు మొదళ్ల దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఏమీ మిగలకూడదు. స్పాంజ్‌ను నీళ్లలో ముంచి, ఉబ్బాక గట్టిగా పిండి, తువ్వాలులో ఇంకోసారి నొక్కండి. పొడి స్పాంజ్ సగం ఫౌండేషన్ తానే తాగేస్తుంది, నీళ్లు కారేది చారలు పెడుతుంది. నవ్వు గీతల మీద ముందు వేలితో అద్ది చేరినదాన్ని సర్ది, అప్పుడు పౌడర్ వేయండి. చర్మం పొడిబారి పెచ్చులు లేస్తుంటే ముందు రోజు రాత్రే మృదువుగా ఎక్స్‌ఫోలియేట్ చేసి (పైన లేచిన మృతచర్మం తీసేసి) మాయిశ్చరైజర్ పట్టించాలి. మేకప్ రోజున స్క్రబ్, త్రెడింగ్, వ్యాక్సింగ్ వద్దు, మంట పుట్టి ఎర్రబడిన చోట ఏదీ నిలవదు.

చెమటకు కారిపోతోంది

వైశాఖంలో పెళ్లి, పైన షామియానా, ఎదురుగా హోమం, వీడియో లైట్లు. ఏ ఫౌండేషన్ అయినా ఇక్కడ కష్టమే. మందంగా వేస్తే నిలుస్తుందనుకోవడం పొరపాటు, మందపు పొరే ముందు జారుతుంది. పల్చగా ఒక పొర, అది ఆరాక అవసరమైన చోట మాత్రమే రెండోది, నుదురు, ముక్కు, పై పెదవి మీద పౌడర్‌ను పఫ్‌తో నొక్కి పెట్టడం, చివర్లో మేకప్ నిలవడానికి కొట్టే సెట్టింగ్ స్ప్రే. చెమట పడితే చేతిరుమాలుతో తుడవకండి, టిష్యూను మడిచి అద్దండి. ఈ పని పీటల దగ్గర ఉండే అక్కకో వదినకో ముందే చెప్పి పెట్టండి, లేకపోతే ఎవరో ఒకరు ప్రేమగా కొంగుతో తుడిచేస్తారు. అద్దాక ఇంకా జిడ్డుంటే అప్పుడు పౌడర్. చెమట మీదే పౌడర్ వేస్తే ముద్దవుతుంది.

ఫ్లాష్ ఫొటోల్లో తెల్లగా వెలుగుతోంది

టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్లు, సిలికా తెల్ల పౌడర్లు ఫ్లాష్‌ను వెనక్కి కొడతాయి. ఫంక్షన్‌కి ముందే అన్నీ వేసుకుని, చీకటి గదిలో ఫోన్ ఫ్లాష్‌తో ఫొటో తీసి చూడండి. తెల్లగా వస్తే పౌడర్ మార్చండి, రాత్రి ఫంక్షన్ అయితే సన్‌స్క్రీన్ మానేయొచ్చు.

బొట్టు స్టిక్కర్ నిలవడం లేదు

ఫౌండేషన్‌లో ఉండే నూనెలు, సిలికోన్ మీద స్టిక్కర్ జిగురు పట్టదు. బొట్టు పెట్టే చోట ఇయర్‌బడ్‌తో ఫౌండేషన్ తీసేసి, చర్మం ఆరాక స్టిక్కర్ అంటించి, పది సెకన్లు వేలితో నొక్కి పట్టండి. సెట్టింగ్ స్ప్రే కొట్టేది ఉంటే బొట్టుకు ముందే కొట్టి ఆరనివ్వండి. కల్యాణ తిలకం లిక్విడ్ కుంకుమతో దిద్దేటప్పుడు మాత్రం అక్కడ ఫౌండేషన్ తీయొద్దు, కాస్త పౌడర్ అద్ది దాని మీద దిద్దితే అంచులు పాకకుండా ఉంటాయి.